చెప్పుకొననొల్లని అవయవము

ధ్యానమునకు: 1 కొరింథీ. 12:22–25, గలతీ. 5:1–6, 2 రాజులు 5:9–14



ఈ నెల మేము వ్రాయబూనిన సంగతి ప్రసంగపీఠమునొద్ద నిలిచి చెప్పుటకు మాకే నోరు రాని సంగతి. దీనిని కుటుంబ ప్రార్థనలో బిగ్గరగా చదువవలసిన పని లేదు. ఇంటి యజమానుడు ముందు తాను చదువుకొని, పిమ్మట భార్యకును ఎదిగిన కుమారులకును ఇచ్చిన చాలును. పురుషుని మర్మాంగమును కప్పియున్న ముందరి చర్మమును గూర్చియు, అది బిగిసికొనిపోవు వ్యాధిని గూర్చియు, దాని శుభ్రతను గూర్చియు వ్రాయుచున్నాము. సంఘ పత్రికలో ఇట్టి మాట ఏల అని కొందరడుగుదురు. మన చేతిలోనున్న పరిశుద్ధ గ్రంథము ఆదికాండము 17వ అధ్యాయములోనే ఈ చర్మమును పేరు పెట్టి చెప్పుచున్నది. లేవీయకాండము 15వ అధ్యాయము పురుషుని శరీర స్రావమును గూర్చి దాపరికము లేక మాటలాడుచున్నది. గ్రంథమునకు లేని సిగ్గు మనకెక్కడనుండి వచ్చెనో ఆలోచింపవలెను.

గత సంవత్సరము కోతల కాలములో ఒక రాత్రి సంఘ పెద్ద ఒకరు మా యింటికి వచ్చిరి. ఊరి పేరు గాని మనిషి పేరు గాని చెప్పము. ఆ తండ్రియు కుమారుడును ఒప్పుకొనినందుననే ఇంతమాత్రము వ్రాయుచున్నాము. ఆయన బైబిలు చంకలో పెట్టుకొని వచ్చెను గాని కూర్చుండి చాలసేపు వానలను గూర్చియే మాటలాడెను. మా యింటివారు లోపలికి వెళ్లిన తరువాత మెల్లగా అనెను:

"అయ్యగారూ, మావాడికి ఆపరేషను చెయ్యాలంటున్నారండి."

"ఏం ఆపరేషను, పెద్దయ్యా?"

ఆయన నోట చెప్పలేదు. బైబిలు తెరచి గలతీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయము మీద వ్రేలు పెట్టెను.

"ఇదండి. ముందు చర్మం బిగిసిపోయిందంట. ఆరు వారాలు మందు రాశాడు, తగ్గలేదు. కోసెయ్యాలన్నారు డాక్టరుగారు. ఇది చేయించుకుంటే క్రీస్తువల్ల మనకేం లేదని పౌలుగారే రాశారు గదండి. పైగా ఊళ్లోవాళ్లు సాయిబుల్లో కలిశాడంటారు. పెళ్లి కుదిరింది. ఆడపిల్లవారికి ఏం చెప్పమంటారు?"

ఇరువదిమూడేండ్ల కుమారుడు వ్యాధితోనుండెను. తండ్రి మనస్సాక్షి గాయపడియుండెను. కాపరియొద్దకు తీసికొని రాదగిన ప్రశ్న అంతకన్న ఏమున్నది? అయితే మేమిచ్చిన జవాబు ఇది: "ప్రార్థన చేసి చూద్దాం, పెద్దయ్యా, తొందరేముంది." నిజము ఒప్పుకొనవలెనంటే, ఆ రాత్రి ఆ మాట త్వరగా ముగిసిపోయిన చాలునని మాకును అనిపించెను. సెమినారీలో గలతీ పత్రికను గ్రీకు భాషలో చదివినవారము, ఆ మాటను ఒక తండ్రికి విప్పి చెప్పుటకు సిగ్గుపడితిమి.

మూడు వారములు గడచెను. పెండ్లి దగ్గరపడుచున్నదను భయముతో ఆ పిల్లవాడు స్నానము చేయుచు ఆ చర్మమును బలవంతముగా వెనుకకు లాగుకొనెను. అది వెనుకకు పోయి తిరిగి ముందుకు రాలేదు. ఇరుకైన ఉంగరమువలె మొన వెనుక పట్టుకొనెను. గంట గడచునప్పటికి మొన వాచెను. వాచినకొలది ఆ ఉంగరము మరింత బిగిసెను. అతడు రాత్రియంతయు పండ్లు కరచుకొని పడియుండెను గాని ఎవరితోను చెప్పలేదు. తెల్లవారి తల్లి చూచునప్పటికి నడువలేకుండెను. 108 బండిలో ఆసుపత్రికి తీసికొని పోయిరి. అక్కడ డాక్టరుగారు మత్తుమందిచ్చి, వాపును చేతితో నెమ్మదిగా నొక్కి నొక్కి తగ్గించి, చర్మమును యథాస్థానమునకు తెచ్చిరి. ఇంకను ఆలస్యమై రక్తము ఆగిపోయినయెడల ఆ భాగము కుళ్లిపోవుట సాధ్యమేనని తరువాత మాతో చెప్పిరి. దీనిని పారాఫైమోసిస్ అందురు. చర్మము వెనుకకు పోయి తిరిగి రానియెడల అది ఉదయము వరకు ఆగదగిన సంగతి కాదు. ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరవలెను.

ఆ దినమునుండి మా మనస్సులో ఒక ప్రశ్న నిలిచినది. సిగ్గు సద్గుణమా, పాపమా?

ఏదెను వనములో ఆదామవ్వలు అంజూరపు ఆకులు కుట్టుకొనిరి. దేవుడు వారిని వనములోనుండి పంపివేయకముందు తానే చర్మపు చొక్కాయిలు చేసి తొడిగించెను. గనుక కప్పుకొనుట దేవునికి అసహ్యము కాదు. ఆయనయే కప్పెను. అయితే కప్పుటకు ముందు, నీవు ఎక్కడనున్నావని పిలిచెను. చెట్ల మధ్య దాగినవానిని బయటికి రప్పించి, మాటలాడించి, పిమ్మట కప్పెను. మనము చేయుచున్నదేమి? కప్పుచున్నాము గాని పిలుచుట లేదు. పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు, ఘనత తక్కువైనవని మనము తలంచు అవయవములకే ఎక్కువ ఘనత కలుగజేయుదుమని చెప్పెను. ఆయన సంఘములోని బలహీనులను గూర్చియే చెప్పుచున్నాడు, నిజమే. అయితే ఆ ఉపమానము నిలువవలెనంటే శరీరమును గూర్చిన మాట మొదట నిజమై యుండవలెను. బట్ట కప్పుట ఆ ఘనతలో ఒక భాగము మాత్రమే. కడుగుట, కనిపెట్టుట, నొప్పి కలిగినప్పుడు చూపించుట కూడ దానిలోనివే.

స్త్రీల సిగ్గు ఎన్ని ప్రాణములు తీసెనో మిషను చరిత్ర చదివినవారెరుగుదురు. ఐడా స్కడ్డర్ అమ్మగారు యౌవనకాలమున తిండివనములో తండ్రి యింట ఉన్నప్పుడు, ఒక్క రాత్రిలో ముగ్గురు మనుష్యులు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలకొరకు ఆమెను పిలిచిరట. ఆమె వైద్యురాలు కాదు. వైద్యుడైన ఆమె తండ్రిని పిలుచుకొని పొండన్నచో, పరపురుషుడు చూడరాదని వారొప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆమె అమెరికాకు వెళ్లి వైద్యము చదివి వచ్చి, 1900లో వేలూరులో ఒక్క మంచముతో పని ప్రారంభించెను. మన గుంటూరునకు 1883లోనే అన్నా కుగ్లర్ అమ్మగారు వచ్చి తెలుగు స్త్రీలకు వైద్యము చేసెను. స్త్రీలకు సిగ్గు కలదని అందరు గుర్తించిరి గనుక వారికొరకు స్త్రీ వైద్యులు వచ్చిరి. పురుషునికి సిగ్గు ఉండదని మనమనుకొందుము. అతడు కాలువలో అందరి యెదుట స్నానము చేయును గదా! అయినను లుంగీ క్రింద రెండేండ్లుగా పుండు పెట్టుకొని ఎవరికిని చూపనివాడు ప్రతి పల్లెలోను ఉన్నాడు. అతనిది మర్యాద సిగ్గు కాదని మా అభిప్రాయము. మగతనమునకు లోపము వచ్చెనని నలుగురు అనుకొందురేమో అను భయము అది. దానికి సిగ్గను పేరు పెట్టి గౌరవించుచున్నాము.

ఇక వైద్యులయొద్ద మేము అడిగి తెలిసికొనిన సంగతులు చెప్పుదుము. ముందు తల్లులు వినవలెను. మగబిడ్డ పుట్టినప్పుడు ముందరి చర్మము లోపలి మొనకు అంటుకొనియే యుండును. అది రోగము కాదు, సృష్టికర్త ఏర్పరచిన విధమే. ఇంగ్లాండులో డగ్లస్ గేర్డ్‌నర్ అను పిల్లల వైద్యుడు 1949లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినదానినిబట్టి, పుట్టిన బిడ్డలలో నూటికి నలుగురికి మాత్రమే ఆ చర్మము పూర్తిగా వెనుకకు వచ్చును. తక్కినవారికి క్రమముగా తనంతట తానే విడిపోవును. డెన్మార్కులో యాకోబ్ ఊస్టర్ అను వైద్యుడు బడి పిల్లలను పరీక్షించి 1968లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఆరేడేండ్ల వయస్సులో నూటికి ఎనమండుగురికి చర్మము ఇంకను బిగువుగా నుండగా, పదునారు పదునేడేండ్లకు నూటికి ఒకనికే అట్లుండెను. చూచితిరా, కాలము ఎంత పని చేయుచున్నదో!

అయితే మన పల్లెలలో తలంటు పోయునప్పుడు, నూనె రాచి ప్రతి వారము కొంచెము కొంచెముగా వెనుకకు లాగవలెనని పెద్దలు చెప్పుట మేము విన్నాము. తల్లులారా, అట్లు చేయవద్దు. లాగినప్పుడు చర్మము సన్నగా చిట్లును. చిట్లినచోట మచ్చ కట్టును. ఆ మచ్చ బిగిసి, లేని వ్యాధిని తెచ్చిపెట్టును. పసివానికి పైన నీళ్లు పోసి కడిగిన చాలును. చర్మము క్రింద తెల్లని చిన్న ముద్దలు కనబడినయెడల చీము అని బెదరవద్దు. అది రాలిన చర్మపు పొట్టు, తనంతట తానే బయటికి వచ్చును. ఒంటేలు పోయునప్పుడు చర్మము కొంచెము బుడగవలె ఉబ్బినను, నొప్పి లేక ధార బాగుగా వచ్చుచున్నయెడల భయము లేదు. బిడ్డ ఏడ్చుచున్నను, ధార సన్నగిల్లినను, ఎఱ్ఱగా వాచినను, జ్వరము వచ్చినను డాక్టరునకు చూపవలెను. ఒంటేలు బొత్తిగా రానియెడల వెంటనే తీసికొని పోవలెను.

ఎదిగినవానికి చర్మము సులువుగా వెనుకకు వచ్చుచున్నయెడల, దినమునకొకమారు స్నానములో దానిని వెనుకకు తీసి, మంచి నీళ్లతో కడిగి, తడి తుడిచి, మరల ముందుకు తెచ్చుకొనవలెను. ఈ చివరి మాట మరువరాదు. లోపల చేరు తెల్లని పాచి పాపము కాదు, రోగము కాదు. అయితే కడుగక విడిచినయెడల కంపుకొట్టి, దురదయు మంటయు పుట్టించును. ఘాటైన సబ్బులు, డెట్టాలువంటి మందు నీళ్లు అక్కడ పోసికొనవద్దు. ఆ చర్మము కనురెప్పవలె మెత్తనిది. సిరియా సైన్యాధిపతియైన నయమాను గొప్ప కార్యమేదైన చేయుమన్నచో చేసియుండును. నీళ్లలో మునుగుమన్నందుకు కోపపడి తిరిగిపోబోయెను. ఖరీదైన సూది వేయించుకొనుటకు అప్పు చేయుదుము గాని నీళ్లతో కడుగుకొమ్మనిన మనకును చిన్నతనముగానే తోచును.

నిజమైన వ్యాధి వేరు. ఇంతకుముందు వెనుకకు వచ్చుచున్న చర్మము ఇప్పుడు రాకుండుట, దాని అంచు తెల్లబడి గట్టిపడుట, పగుళ్లు వారుట, మూత్రమునకు నొప్పి కలుగుట దీని గురుతులు. దీనిని ఫైమోసిస్ అందురు. అందరికిని కత్తి అక్కరలేదు. బీటామెథసోన్ వంటి స్టెరాయిడు లేపనమును డాక్టరు చెప్పిన ప్రకారము నాలుగు మొదలుకొని ఎనిమిది వారముల వరకు పలుచగా రాచినయెడల అనేకులకు చర్మము సడలును. అయితే అంగడివాడు ఇచ్చు గొట్టము మందు తెచ్చి నెలలతరబడి రాచువారున్నారు. ఆ గొట్టములలో మూడు నాలుగు మందులు కలిపియుండును. అది దురదను అణచి రోగమును దాచును. డాక్టరు చూచిన తరువాతనే ఏ మందైనను. లేపనముతో తగ్గనియెడల, చర్మమును కొంచెము వెడల్పు చేయు చిన్న శస్త్రచికిత్స కలదు. మచ్చ గట్టిపడినవారికి చర్మమును పూర్తిగా తీసివేయుదురు.

నలుబది యేండ్లు దాటిన సహోదరులకు ఒక మాట. అక్కడ మాటిమాటికి ఎఱ్ఱబడి, దురద పుట్టి, చర్మము చిట్లుచున్నయెడల రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనుడి. మధుమేహము మొదట ఈ రూపముననే బయటపడుట కలదు. ఇప్పుడు మధుమేహమునకిచ్చు కొన్ని మాత్రలు చక్కెరను మూత్రములోనికి పంపును గనుక, వాటిని మ్రింగువారికిని ఈ దురద రావచ్చును. మాత్ర మానుకొనక డాక్టరుతో చెప్పవలెను. మరియు అక్కడ మానని పుండు గాని, గట్టి కణితి గాని, రక్తము గాని కనబడినయెడల ఒక్క వారమైనను దాచవద్దు. ఆ అవయవమునకు కాన్సరు వచ్చుటకు బిగిసిన చర్మము, అశుభ్రత, ఒక విధమైన వైరస్, పొగాకు కారణములగుచున్నవి. (చుట్ట త్రాగువారు ఈ వాక్యమును రెండుమార్లు చదివినను తప్పు లేదు.) మంచముపట్టిన వృద్ధులకు మూత్రపు గొట్టము వేసినయెడల, వేసినవారు చర్మమును తిరిగి ముందుకు తెచ్చిరో లేదో పరిచర్య చేయువారు చూడవలెను. వృద్ధుడు తనంతట తాను చెప్పలేడు.

మా సంఘములోనే ఒక సహోదరుడు దాదాపు సంవత్సరము ప్రభురాత్రి భోజనమునకు రాలేదు. ఏదో రహస్య పాపమున్నదని జనులు గుసగుసలాడిరి. అడుగగా, తన శరీరమునుండి వాసన వచ్చుచున్నదనియు, తాను అపవిత్రుడననియు, ఇది దేవుని శిక్షయనియు ఏడ్చుచు చెప్పెను. అది మధుమేహము. మందుతో నెలలోపుననే తగ్గెను. మేము పది నెలల ముందుగా అడిగియుండవలసినది. పన్నెండేండ్లు రక్తస్రావము గల స్త్రీ గుంపులో ప్రభువు వస్త్రమును ముట్టినప్పుడు ఆయన ఆమెను అపవిత్రురాలని త్రోసివేయలేదు, కుమారీ అని పిలిచెను.

ఇక ఆ పెద్దయ్య ప్రశ్నకు రావలెను. మేము ఆసుపత్రి వరండాలో ఆయన ప్రక్కన కూర్చుండి, మూడు వారముల క్రిందట చెప్పవలసినది అప్పుడు చెప్పితిమి. పౌలు గలతీయులతో దేనికి పోరాడెను? చర్మము కోయుటవలన దేవుని యెదుట నీతిమంతులగుదురని బోధించినవారితో పోరాడెను. తీతు గ్రీసు దేశస్థుడు. అతనికి సున్నతి చేయింపవలెనని బలవంతపెట్టినప్పుడు పౌలు ఒక్క గడియయైనను లోబడలేదు. అదే పౌలు తిమోతికి, యూదులనుబట్టి, తానే సున్నతి చేయించెను. కత్తి ఒకటే, చర్మము ఒకటే. ఒకచోట ఒప్పుకొనినయెడల సువార్త పోవును. మరియొకచోట ఒప్పుకొనినందువలన సువార్తకు దారి తెరచుకొనెను. సున్నతి పొందుటయందు ఏమియు లేదు, పొందకపోవుటయందును ఏమియు లేదని వ్రాసినవాడు ఆయనే. అట్లయినయెడల, రోగము తీయుటకు వైద్యుడు కోసినది నీ కుమారుని క్రీస్తునుండి ఎట్లు వేరుచేయును? కుళ్లిన పన్ను పీకించుకొనినవాడు ఏ ధర్మశాస్త్రము క్రిందికిని పోడు గదా.

"మరి సాయిబుల మాట?" అని ఆయన అడిగెను.

దానికి మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. కొంచెము ఆలోచించి, "వాళ్లకది విశ్వాసం, పెద్దయ్యా. మనవాడికి వైద్యం. వాళ్ల ఆచారాన్ని ఎగతాళిగా చూడబట్టేగదా ఈ మాటకి మనం భయపడుతున్నాం?" అంటిమి. ఆయన తల ఊపెను గాని ఒప్పుకొనెనో లేదో తెలియదు. మన ప్రభువే ఎనిమిదవ దినమున సున్నతి పొందెనని లూకా వ్రాసెను. దానిని మనము క్రిస్మసు మరునాడే మరచిపోవుదుము.

ఇట్లు చెప్పినందున అందరును పోయి కోయించుకొనుడని మా భావము కాదు. ఆరోగ్యముగల చర్మమును శుభ్రత పేరిట తీసివేయ నవసరము లేదు, నీళ్లు చాలును. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండా దేశములలో చేసిన పరిశోధనలనుబట్టి, సున్నతి పొందిన పురుషులకు స్త్రీలనుండి హెచ్.ఐ.వి. సోకుట తగ్గునని తేలి, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి మిక్కుటముగానున్న ప్రాంతములకు దానిని సిఫారసు చేసెను. అది ఆ దేశముల పరిస్థితినిబట్టి చెప్పినది. నమ్మకముగల కాపురమునకు బదులుగా ఎవరును దానిని పట్టుకొనరాదు.

ఆ కుమారునికి వాపు పూర్తిగా తగ్గిన తరువాత శస్త్రచికిత్స జరిగెను. పెండ్లి ఒక నెల వెనుకకు జరిపిరి. తండ్రి ఆడపిల్లవారి యింటికి తానే వెళ్లి ఉన్నది ఉన్నట్లు చెప్పెను. మేము వెంట వచ్చుదుమన్నను వద్దనెను. పెండ్లికుమార్తె తండ్రి కొంతసేపు మాటలాడక, తన తమ్మునికిని ఇట్లే యుండెననియు, అతడు చివరివరకు ఎవరికిని చెప్పలేదనియు చెప్పెనట.

తరువాత పురుషుల కూటములో మేము ఈ సంగతి మొదటిసారి బహిరంగముగా మాటలాడితిమి. కొందరు నవ్విరి, ఒకరిద్దరు లేచిపోయిరి. ముగింపు ప్రార్థనయైన పిమ్మట మేము దీపములార్పి తలుపు వేయుటకు రాగా, ముగ్గురు మనుష్యులు వరండాలో చెప్పులు వెదకుచున్నట్లు ఇంకను నిలిచియుండిరి.